సెవరెన్స్ ఒప్పందాన్ని మార్చి పంపితే: సంతకానికి ముందు జాగ్రత్తలు

అమెరికాలో ఉద్యోగం నుంచి తొలగిస్తూ ఇచ్చిన సెవరెన్స్ ఒప్పందాన్ని (కొంత సొమ్ము ఇచ్చి, బదులుగా దావా వేసే హక్కును వదులుకోమనే పత్రాన్ని) కంపెనీ మార్చి పంపితే, ఎంత తొందరపెట్టినా ఆ రోజే సంతకం చేయకండి.

పాత ప్రతినీ కొత్త ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని, సొమ్ము అంకెలతో సరిపెట్టుకోకుండా ప్రతి షరతునూ పోల్చి చూడండి. మార్పుకు కారణాన్ని ఈమెయిల్‌లోనే అడగండి.

మీకు 40 ఏళ్లు నిండి ఉంటే, వయో వివక్షపై దావా వేసే హక్కును వదులుకోమనే ఒప్పందం విషయంలో 1990 నాటి ఫెడరల్ చట్టం మీకు అండగా ఉంటుంది. ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, సామూహిక తొలగింపులో 45 రోజులు ఇవ్వాలి. కంపెనీ తన ప్రతిపాదనలో ముఖ్యమైన మార్పు చేస్తే ఆ గడువు మళ్లీ మొదలవుతుంది. అయితే, మార్పులు జరిగినా గడువు తిరిగి మొదలుకాదని ఇరుపక్షాలూ ముందే అంగీకరించే వీలుంది గనుక, అటువంటి వాక్యం మీ ప్రతిలో ఉన్నదేమో తప్పక వెతకండి. చాలామంది నష్టపోగలిగేది ఇక్కడే. సంతకం చేశాక 7 రోజుల్లోగా ఉపసంహరించుకునే హక్కును మాత్రం పరస్పర అంగీకారంతోనైనా తగ్గించడం కుదరదు.

ఇప్పటికే మీకు రావలసిన జీతాన్ని కొత్త ప్రయోజనంగా చూపుతున్నారేమో గమనించండి. ఉద్యోగాల్లో వివక్షపై ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ అయిన సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేసే హక్కును ఏ ఒప్పందమూ తీసివేయలేదు.

హెచ్‌-1బీ వీసాపై ఉన్నవారు, ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే, గరిష్ఠంగా 60 రోజులుండే వెసులుబాటు గడువు ఉద్యోగం ముగిసిన నాటి నుంచే నడుస్తుందనీ, సెవరెన్స్ చర్చల కోసం ఆగదనీ గుర్తుంచుకుని, ఉద్యోగ న్యాయవాదిని మొదటి వారంలోనే కలవాలి.