రథసప్తమి వెళ్లాక బరువు తగ్గాలనుకునేవాళ్లకు: మన వైపు ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

సంక్రాంతి అరిసెలు అయిపోయి, అరసవల్లిలో రథసప్తమి జనం పల్చబడ్డాక శ్రీకాకుళంలో ఏటా ఒక మార్పు చూస్తుంటాను. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లవారుజామున కొత్త ముఖాలు, కొత్త బూట్లు కనిపిస్తాయి. ముందున్నవి పెళ్లిళ్ల రోజులు. జాకెట్లు బిగుతయ్యాయని ఒకరికి టెన్షన్, షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరు అన్నారని ఇంకొకరికి బెంగ. నెలకు ఏడెనిమిది కిలోలు తగ్గాలని అన్నం మానేస్తారు, గంటన్నర పరిగెడతారు. సరిగ్గా అప్పుడే ఎండ ముదరడం మొదలవుతుంది.

ఆకలి కడుపు, అలవాటు లేని వ్యాయామం, ఎండ కలిస్తే ఎక్కడైనా ప్రమాదమే. మన జిల్లాలో దీనికి కిడ్నీ సమస్య కూడా తోడవుతుంది. మాది సోంపేట దగ్గర పల్లె. ఉద్దానం అని పిలిచే మా ప్రాంతంలో పుట్టినవాళ్లకు ఈ కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. అందుకే బరువు తగ్గడం గురించి ఫోన్‌లో కనిపించే సలహాలన్నీ మనకు ఉన్నవున్నట్టు పనికిరావు.

మా మరిది సంగతి చెబుతాను. వయసు 34, బరువు 92 కిలోలు. ఎవరికీ చెప్పకుండా ఒక జిమ్‌లో చేరాడు. అక్కడ రోజుకు రెండుసార్లు ప్రోటీన్ పౌడరు తాగమన్నారు. మోకాళ్లు నొప్పెడితే మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని మూడు వారాలు వేసుకున్నాడు. "వదినా, ఏటీ కాదు, అందరూ తాగుతున్నదే" అనేవాడు. కాళ్లకు నీరు పడితే తీసుకెళ్లి పరీక్ష చేయించాం. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ 1.9 ఉంది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. అంతకుముందే కిడ్నీ కొంత దెబ్బతిని ఉందో, వీటివల్లే పెరిగిందో డాక్టరు ఖాయంగా చెప్పలేనన్నారు. మొదలుపెట్టక ముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించి ఉంటే ఆ సంగతి తెలిసేది కదా అని ఇప్పటికీ నాకు బాధే.

కాబట్టి బూట్లు కొనకముందే పరీక్షలు చేయించుకోండి. సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, షుగరు, బీపీ, ఆడవాళ్లయితే థైరాయిడ్, రక్తశాతం కూడా. క్రియాటినిన్ కాగితం మీద నార్మల్ అని ఉన్నా అక్కడితో వదిలేయకండి, కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగండి. 25 ఏళ్ల కుర్రాడికి క్రియాటినిన్ 1.1 ఉంటే ఈజీఎఫ్ఆర్ 95 దగ్గర వస్తుంది, అంటే బాగున్నట్టే. అదే 1.1 అరవై ఏళ్ల ఆవిడకు ఉంటే 57 దగ్గర వస్తుంది. 60 కంటే తక్కువ మూడు నెలలు నిలిచిందంటే దాన్ని కిడ్నీ జబ్బుగానే లెక్కిస్తారు. మొదటి దశల్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. బాగానే ఉన్నాం కదా అనుకోవడానికి లేదు. ఇంకో మాట, పరీక్షకు ముందురోజు బాగా బరువులెత్తినా, మాంసం ఎక్కువగా తిన్నా క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపించవచ్చు. ఆ రోజు మామూలుగా ఉండండి.

ఈజీఎఫ్ఆర్ తక్కువ వచ్చినవాళ్లు బరువు తగ్గకూడదని కాదు. ఎంత ప్రోటీన్ తినాలి, ఎన్ని నీళ్లు తాగాలి అన్నది వాళ్లకు డాక్టరే చెప్పాలి. ముఖ్యంగా కొబ్బరినీళ్లు. మన ఉద్దానంలో చెట్టు కింద నిలబడితే బొండం దొరుకుతుంది, వేసవిలో అంతకు మించిన ఆరోగ్యం లేదని అందరం నమ్ముతాం. అందులో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రేమగా బొండం చేతికిచ్చే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

బరువు తగ్గిస్తామని అమ్మే పేరులేని పొడులు, పసరు మందులు ముట్టుకోవద్దు. ఈ మాట కోపంతోనే అంటున్నాను. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి మూలికల బిళ్లలు వేసుకున్న పదుల మంది ఆడవాళ్లకు కిడ్నీలు పూర్తిగా పోయాయి. ఆ బిళ్లల్లో కలిసిన ఒక మొక్కలోని అరిస్టోలోకిక్ ఆమ్లం దానికి కారణమని తేలింది. మూలిక కదా, ఏమీ చేయదు అనే మాటకు వాళ్ల జీవితాలే జవాబు. ఇప్పుడు కొత్తగా వచ్చిన బరువు తగ్గే ఇంజెక్షన్లు మంచి మందులే, కానీ డాక్టరు చూసి రాస్తేనే. వాటితో వాంతులు, విరేచనాలు ఎక్కువై ఒంట్లో నీరు తగ్గితే ఆ దెబ్బ కూడా కిడ్నీ మీదే పడుతుంది.

షుగరు బిళ్లలు వేసుకునేవాళ్లకు వేరే జాగ్రత్త ఉంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి బిళ్లలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ తిండి సగం చేసి, పైగా నడిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, కంగారు, తడబడే మాట వస్తే అది నీరసం కాదు. మీటరులో 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్లీ చూసుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. డైటింగ్ మొదలుపెడుతున్నామని ముందే డాక్టరుకు చెబితే మందు మోతాదు తగ్గిస్తారు. బీపీ మందులకూ అంతే. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది. పాత మోతాదే వేసుకుంటూ పోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు సొంతంగా తిండి తగ్గించకూడదు.

ఎంత తగ్గించాలి

నా ఎత్తు 158 సెంటీమీటర్లు. మొదలుపెట్టినప్పుడు బరువు 74 కిలోలు, అంటే ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ 29.6. మన భారతీయులకు 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. ప్రభుత్వాసుపత్రిలో డైటీషియన్ నా వయసు, పనీ అడిగి, రోజుకు సుమారు 1850 కేలరీలు ఖర్చవుతున్నాయని లెక్క కట్టారు. 1400 తినమన్నారు. నేను వెయ్యి చాలంటే ఒప్పుకోలేదు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఆడవాళ్లు 1200, మగవాళ్లు 1500 కంటే కిందికి దిగకూడదన్నారు.

రోజుకు నాలుగైదు వందల కేలరీలు తగ్గిస్తే వారానికి అరకిలో వరకు తగ్గుతుంది. కొన్ని వారాలు అసలు కదలదు, అప్పుడు భయపడకండి. మొదటి వారం రెండు కిలోలు తగ్గితే అందులో ఎక్కువ భాగం నీరే, దాన్ని చూసి మురిసిపోకండి. వేగంగా తగ్గితే కండ కరుగుతుంది, జుట్టు ఊడుతుంది, పిత్తాశయంలో రాళ్లు పడతాయి. మా తోటికోడలు తన తమ్ముడి పెళ్లి కోసం నలభై రోజులు మజ్జిగ, కీరదోస మీద ఉండి పెళ్లిపందిట్లోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆషాఢానికల్లా పోయిన బరువంతా తిరిగి వచ్చేసింది. ఉన్న బరువులో నూటికి అయిదు నుంచి పది వంతులు తగ్గినా షుగరు, బీపీ, కొవ్వులు మెరుగవుతాయి. నాకది నాలుగు నుంచి ఏడు కిలోలు. మొదటి లక్ష్యం అంతే పెట్టుకున్నాను.

మా అత్తగారు "ఏటమ్మా, అన్నం మానేసి ఏటి తింటావు" అని గోల పెట్టారు. నేను అన్నం మానలేదు. ఇంట్లో అందరితో కలిపి వండే బియ్యంలో నా వాటా కొలవడం మొదలుపెట్టాను, అంతే. పచ్చి బియ్యం 100 గ్రాములంటే 350 కేలరీలు. రోజుకు 250 గ్రాముల దాకా తింటున్నానని కొలిస్తేగానీ తెలియలేదు. దాన్ని 150కి తెచ్చాను. ఖాళీ అయిన చోట పప్పు, ఉలవలు, గుడ్డు, చేప, నాలుగు రకాల కూరలు వచ్చాయి. పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ ఇప్పుడు అన్నంలో నంజుకునేవి కావు, కంచంలో సగం అవే.

చోడి (రాగి) అంబలి గురించి ఒక అపోహ ఉంది. చోడి తింటే బరువు తగ్గుతుందని చాలామంది గ్లాసులకు గ్లాసులు తాగుతున్నారు. చోడి పిండి 100 గ్రాముల్లోనూ 320 కేలరీల పైనే ఉంటాయి, బియ్యానికి పెద్ద తేడా లేదు. పీచు, కాల్షియం ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, అందుకని మంచిది. అన్నం బదులు తాగండి, అన్నంతో పాటు కాదు. పలాస జీడిపప్పు కూడా అంతే. గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 165 కేలరీల దాకా వస్తాయి. ఆరోగ్యానికి మంచిదే కదా అని టీవీ చూస్తూ తింటే పొద్దున నడిచిందంతా పోయినట్టే.

అసలు దొంగ నూనె. మా ఇంట్లో నలుగురికి నెలకు అయిదు లీటర్లు అయ్యేది. లెక్కేస్తే మనిషికి రోజుకు 38 గ్రాములు, దాదాపు 345 కేలరీలు. మూడు లీటర్లకు తెస్తే మనిషికి రోజుకు 138 కేలరీలు తగ్గాయి. ఎవరూ పస్తులుండలేదు, ఎవరికీ తెలియను కూడా తెలియలేదు. పోపుకి చెంచాతో కొలవడం, సాయంత్రం బజ్జీల బదులు మురీల్లో (మరమరాల్లో) ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ కలుపుకోవడం, ఇంతే చేశాను. ఉప్పు కూడా చూసుకోండి. ఎండుచేపలు, ఊరగాయ బీపీకి, కిడ్నీకి చెరుపు. రోజు మొత్తానికి అయిదు గ్రాములు, అంటే ఒక చెంచా ఉప్పు మించకూడదు.

నడక, ఎండ, రోడ్డు

70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే 120 నుంచి 130 కేలరీలు ఖర్చవుతాయి, ఒక పెద్ద చెంచా నూనెకు సరిపోతుంది. కాబట్టి నడుస్తున్నాం కదా అని ఏదైనా తినేయడం కుదరదు. అలాగని నడక వృథా కాదు. షుగరుకి, గుండెకి, నిద్రకి, తగ్గిన బరువు మళ్లీ రాకుండా ఉండడానికి అదే ఆధారం. వారానికి 150 నిమిషాలు, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున చాలు. మొదటి వారం పదిహేను నిమిషాలే చేయండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే ఆగిపోయి ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాసు అనుకుని సోడా తాగి పడుకోవద్దు.

మార్చి రాగానే నడక ఏడింటికల్లా ముగించండి. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. థర్మామీటరులో ఎండ తక్కువే కనిపిస్తుంది గానీ దెబ్బ తగులుతుంది. పొట్ట తగ్గుతుందని ప్లాస్టిక్ చొక్కాలు, నడుముకి బెల్టులు కట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. పోయేది నీరే, కొవ్వు కాదు. తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం మొదలైతే నీడకు వెళ్లి నీళ్లు తాగాలి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. తడిగుడ్డలు చుట్టి, గాలి విసురుతూ 108కి చెప్పాలి.

హైవే పక్క ఊళ్లవాళ్లు, రణస్థలం నుంచి నరసన్నపేట, టెక్కలి మీదుగా ఇచ్ఛాపురం దాకా, చీకటితో జాతీయ రహదారి అంచున నడవకండి. స్కూలు గ్రౌండో, చెరువు గట్టో చూసుకోండి. తప్పనప్పుడు లేత రంగు బట్టలు వేసుకుని, ఎదురుగా వచ్చే బండి కనిపించేలా కుడి పక్కన నడవండి. చెవుల్లో పాటలు వద్దు. షుగరు ఉన్నవాళ్లు ఇసుకలో అయినా చెప్పుల్లేకుండా నడవకూడదు. గుచ్చుకున్నది తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

వారానికి రెండు రోజులు కండకు పని చెప్పాలి. ఆడవాళ్లు బరువులెత్తితే మగరాయుడిలా అయిపోతారని ఇంకా అనేవాళ్లున్నారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఆడపిల్లలు ఈనాటికీ బార్‌బెల్ పట్టుకుంటున్నారు. మనం అంత ఎత్తక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు ఆనుకుని పుషప్‌లు, రెండు లీటరు సీసాల్లో నీళ్లు పోసి ఎత్తడం చాలు. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ పోకుండా కాపాడేది ఇదే. మోకాళ్లు నొప్పెడితే రెండు రోజులు ఆపండి, వేడి కాపడం పెట్టండి, అవసరమైతే డాక్టరును అడగండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు మా మరిదిలా సొంతంగా కొని మింగవద్దు.

తూకం వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున్నే. ఏమీ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే మాత్రం సంతోషించకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి. షుగరు, టీబీ, కిడ్నీ, ఇంకా పెద్ద జబ్బులేవైనా అలాగే బయటపడతాయి.

పది నెలల్లో నేను 64కి వచ్చాను. మా మరిది పౌడరు, బిళ్లలు మానేసి, డాక్టరు రాసిన తిండితో నెమ్మదిగా 86కి వచ్చాడు. క్రియాటినిన్ పెరగకుండా నిలబడింది. ఎండలు ముదరకముందే, మార్చి మొదటి వారంలో ఇద్దరం కలిసి మళ్లీ పరీక్షకు రక్తం ఇవ్వడానికి వెళుతున్నాం.