స్నేహితుడి పార్కులో మీ రోలర్ కోస్టర్ ఎందుకు మొరాయిస్తుంది?

వినోద పార్కులు కట్టే కంప్యూటర్ ఆటలో రెండు వారాలు కూర్చుని కట్టిన కోస్టర్. మీ పార్కులో దాని ముందు వరుస ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఎంతో మురిపెంగా ఆ ఫైలును స్నేహితుడికి పంపుతారు. మర్నాడు జవాబు వస్తుంది: "పెట్టాను, ఒక్కరూ ఎక్కడం లేదు." ఆ మాట మనసుకు ఎంత గుచ్చుకుంటుందో డిజైన్లు పంచుకునే వారందరికీ తెలుసు. అయితే ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం ఒకటే. డిజైను ఫైలులో ప్రయాణించేది మీ కోస్టర్ మాత్రమే, మీ పార్కు కాదు. ట్రాక్ ముక్కల వరుస, రైలు రకం, నడిపే పద్ధతి అమరికలు, మీరు ఎంచి కలిపిన చెట్లు, దారులు వెళతాయి. కొండ వెళ్లదు, చెరువు వెళ్లదు, పక్కనున్న మరో కోస్టరూ వెళ్లదు.

కింద చెప్పేవి 2002లో వచ్చిన రోలర్ కోస్టర్ టైకూన్ 2కూ, దాని ఆధారంగా ఔత్సాహికులు 2014 నుంచి అభివృద్ధి చేస్తున్న ఓపెన్ఆర్‌సీటీ2కూ వర్తిస్తాయి. ఆట ప్రతి కోస్టర్‌కూ మూడు మార్కులు వేస్తుంది. వాటిని ఇక్కడ ఉత్సాహం, తీవ్రత, వికారం అని పిలుస్తాను.

సమస్య: ఫైలు పెట్టాను, జాబితాలో కనిపించడం లేదు

ముందు ఫోల్డరు చూడండి. పాత ఆటకైతే ఆట ఉన్న చోటే 'ట్రాక్స్' అనే ఫోల్డరు ఉంటుంది. ఓపెన్ఆర్‌సీటీ2 వాడేవారు తమ పత్రాల ఫోల్డరులో ఆ ఆట పేరుతో ఉన్న దాన్ని తెరిచి, అందులోని 'ట్రాక్'లో పెట్టాలి. ఫోల్డరు సరైనదే అయినా కనిపించకపోతే, ఆ రకం కోస్టర్ ఆ పార్కులో ఇంకా అందుబాటులోకి వచ్చి ఉండదు. పరిశోధన పూర్తి కాని సవారీకి డిజైన్ల జాబితా కూడా తెరుచుకోదు. మూడో కారణాన్ని చాలామంది గమనించరు. డిజైన్లు రైలు రకాన్ని బట్టి కూడా విడిపోతాయి. ఒకే చెక్క ట్రాక్ మీద నడిచే రెండు రకాల రైళ్లకు రెండు వేర్వేరు జాబితాలు ఉండవచ్చు, మీరు ఒకదాంట్లో వెతుకుతుంటే ఫైలు రెండోదాంట్లో ఉంటుంది.

పంపేవారి వైపు నుంచి వచ్చే ఫిర్యాదు ఇంకొకటి: "డిజైనును భద్రపరిచే వీలే రావడం లేదు." ముందు పరీక్ష పరుగు పూర్తి చేయించి, మూడు మార్కులూ వచ్చాక ప్రయత్నించండి.

ఇలాంటిదే మరో ఆట అయిన పార్కిటెక్ట్ ఆడేవారికి వేరే చిక్కు ఉంది. అందులో డిజైను ఒక బొమ్మ ఫైలుగా భద్రమవుతుంది, ట్రాక్ వివరాలన్నీ ఆ బొమ్మలోనే దాగి ఉంటాయి. దాన్ని ఫోనులో సందేశంగా పంపితే ఆ యాప్ బొమ్మను కుదించి పంపవచ్చు. చూడటానికి బొమ్మ బాగానే ఉంటుంది, లోపలి వివరాలు మాత్రం పోతాయి. జిప్ చేసి పంపితే ఈ బాధ ఉండదు.

సమస్య: పెట్టబోతే హెచ్చరిక వస్తోంది

రైలు దొరకలేదని, బదులుగా మరో రైలు వాడుతున్నామని ఆట చెబితే తేలిగ్గా తీసుకోకండి. రైలు మారితే బరువు మారుతుంది, పొడవు మారుతుంది, దాంతో ప్రతి గుట్ట మీదా వేగం మారుతుంది. మీ దగ్గర చక్కగా దాటిన గుట్టను అక్కడ దాటకపోవచ్చు. అందుకే నలుగురికీ పంచాలనుకున్న డిజైనును మూల ఆటలో ఉన్న రైళ్లతోనే కట్టడం మంచిది. అదనంగా తెచ్చుకున్న రైలు తప్పనిసరి అయితే, దాని పేరును ఫైలుతోపాటే రాసి పంపండి.

అలంకరణ దొరకలేదన్న హెచ్చరికకు అంత కంగారు అక్కర్లేదు. డిజైను పెట్టే కిటికీలోనే అలంకరణను తీసేసే మీట ఉంటుంది. ఇక చోటు చాలక ఆట ఒప్పుకోకపోతే మూడింటిని చూడండి: నేల పార్కు సొంతమా, చెట్లు నరకడం నిషేధమా, చెట్ల కంటే ఎత్తుగా కట్టడం నిషేధమా. కొన్ని పార్కులకు ఈ నిషేధాలు మొదటి నుంచే ఉంటాయి. పంపేటప్పుడు డిజైను పొడవు, వెడల్పు ఎన్ని గళ్లో, ఎత్తు ఎంతో ఒక వాక్యం రాస్తే అవతలివారికి చాలా శ్రమ తప్పుతుంది.

సమస్య: నా దగ్గర ఉత్సాహం బాగుంది, వాళ్ల దగ్గర పడిపోయింది

ట్రాక్ ఒకటే, రైలు ఒకటే, మార్కులు మాత్రం వేరు. కారణం పరిసరాలు. సొరంగంలో దూరితే, నీటికి దగ్గరగా వెళితే, నడక దారి మీదుగానో కిందుగానో సాగితే, వేరే ట్రాక్ పక్కన పరుగెత్తితే ఆట ఉత్సాహం కలుపుతుంది. మీరు కొండలోంచి తవ్విన సొరంగం ఫైలులో రాదు. అవతలివారి చదును నేల మీద ఆ ట్రాక్ ఆకాశం కింద బట్టబయలుగా నిలబడుతుంది.

పరిష్కారం రెండు రకాలు. మొదటిది, ఉత్సాహం తెచ్చే పరిసరాలను కోస్టర్‌లోనే కట్టుకోండి. ట్రాక్ తన మీదుగా తానే దాటేలా మెలిపెట్టండి. నడక దారిని ట్రాక్ కింద నుంచి వేసి, భద్రపరిచేటప్పుడు ఆ దారినీ ఎంచండి. ఇవి ఎక్కడికైనా వెంట వస్తాయి. రెండోది, స్టేషను చుట్టూ చెట్లు, అలంకరణ పెట్టండి. అలంకరణకు వచ్చే మార్కుల కోసం ఆట చూసేది స్టేషను నుంచి నాలుగు వైపులా 5 గళ్ల దూరమే. పార్కు చివరనున్న మలుపు దగ్గర తోట పెంచితే కంటికి ఇంపుగా ఉంటుంది, ఈ లెక్కలో దానికి విలువ లేదు. స్టేషను చుట్టూ కూడా 47 వస్తువుల దాకానే లెక్క, ఆ పైన ఎన్ని పెట్టినా మార్కు కదలదు. స్టేషనే భూమి లోపల ఉంటే ఆట ఈ లెక్కింపు మానేసి 8 వస్తువులు ఉన్నట్టు భావిస్తుంది. స్థలం తక్కువ ఉన్నవారికి ఇది నిజంగా పనికొచ్చే విషయం.

మూడు మార్కులూ ఒక్కసారిగా సగానికి సగం పడిపోయి ఉంటే కారణం పరిసరాలు కాదు. చాలా రకాల కోస్టర్లకు ఆట కనీస అర్హతలు పెట్టింది: పెద్ద దిగుడు ఇంత ఎత్తుండాలి, వేగం ఇంత దాటాలి, దిగుళ్లు ఇన్ని ఉండాలి, సీట్లోంచి పైకి తేలినట్టనిపించే క్షణం ఒకటైనా ఉండాలి. ఒక్కో లోటుకు మార్కులు సగమవుతాయి. చెక్క కోస్టర్‌ను మరీ సౌమ్యంగా కట్టేవారు తరచూ ఇక్కడే దెబ్బతింటారు. మొదటి దిగుడును కాస్త పెంచి, మధ్యలో ఒక గుట్టను వేగంగా దాటేలా చేస్తే ఒకేసారి రెండు మూడు అర్హతలు తీరతాయి.

సమస్య: తీవ్రత 10 దాటింది, ఎవరూ ఎక్కడం లేదు

డిజైన్లను చంపేసే అసలు జబ్బు ఇదే. దీనికి మందు తెలిస్తే మిగతావి చిన్నవే.

తీవ్రత 10 దాటిన సవారీ అంటే సందర్శకుల్లో ఎక్కువమంది వెనక్కి తిరుగుతారు. అంతటితో అయిపోదు. తీవ్రత 10.00 చేరగానే ఆట ఉత్సాహంలో నాలుగో వంతు కోస్తుంది. 11.00, 12.00, 13.20, 14.50 దగ్గర మిగిలిన దాంట్లోంచి మళ్లీ మళ్లీ నాలుగో వంతు. అయిదు కోతలూ పడితే ఉత్సాహంలో మిగిలేది పావు వంతు కంటే తక్కువే.

తీవ్రత అంత ఎత్తుకు ఎందుకు ఎగబాకుతుంది? నూటికి తొంభై సార్లు అనుకోండి, పక్క జీ వల్లే. అంటే మలుపులో మనిషిని పక్కకు ఒత్తే బలం. పరుగు మొత్తం మీద అది ఒక్కసారి 2.80 దాటినా తీవ్రతకు 3.75, వికారానికి 2.00 కలుస్తాయి. 3.10 దాటితే ఇంకో 8.50, 4.00 కలుస్తాయి, పైగా ఉత్సాహం సగమవుతుంది. ఒక్క మలుపు చాలు. కోస్టర్ అంతా ముత్యంలా ఉండి, ఒక్క చోట 3.24 నమోదైతే, 6.50 ఉండాల్సిన తీవ్రత 18.75కు చేరుతుంది. ఇలాంటి కోస్టర్లను ఇక పనికిరావని కూల్చేసినవారిని చూశాను. ఆ ఒక్క మలుపును సరిచేసి ఉంటే అవన్నీ బతికేవి.

ఆ మలుపును పట్టుకోవడం ఇలా. సవారీ కిటికీలో గ్రాఫుల పుట తెరిచి పక్క జీ గీతను ఎంచుకోండి. దాని పక్కనే రైలు కనిపించే కిటికీని పెట్టుకుని పరీక్ష పరుగు మొదలుపెట్టండి. రైలు కదిలే కొద్దీ గీత కుడి వైపుకు సాగుతుంది. రైలును మొదట పైకి లాగే లిఫ్టు మీద చప్పగా ఉంటుంది. మొదటి దిగుడులోనూ పెద్దగా కదలదు, ఎందుకంటే అక్కడ బలమంతా నిలువుగానే పనిచేస్తుంది. దిగుడు అడుగున రైలు మలుపులోకి దూరగానే గీత ముల్లులా పైకి లేస్తుంది. ఆ క్షణంలో రైలు ఏ ముక్క మీద ఉందో అదే మీ దోషి. కొలతల పుటలో ఎర్రగా కనిపించే అంకె కూడా ఇదే చెబుతుంది, కానీ ఎక్కడ అన్నది గ్రాఫ్ మాత్రమే చూపిస్తుంది.

దొరికాక ఏం చేయాలి? మలుపు చదునుగా ఉంటే వాల్చండి. ఆ ట్రాక్ రకానికి వాలు మలుపు లేకపోతే చిన్న మలుపు తీసి పెద్దది వేయండి. దానికి చోటు లేకపోతే మలుపును ఎత్తు మీదికి జరపండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్గం ఇదే. మలుపులో బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది, ఆ వర్గం రైలు ఎంత కిందికి దిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. 30 మీటర్లు దిగి తిరిగే మలుపును 24 మీటర్ల దిగుడు దగ్గరకు ఎత్తితే బలం సుమారు అయిదో వంతు తగ్గుతుంది, అంటే 3.24 కాస్తా 2.60 దగ్గరకు వస్తుంది. ఆటలో లెక్క అచ్చంగా ఇంతే రాకపోయినా తగ్గుదల ఇదే తీరున ఉంటుంది. మధ్యలో బ్రేకులు వేయడం చివరి మార్గంగా ఉంచండి. మలుపు బాగవుతుంది కానీ ఆ తర్వాతి గుట్టలన్నీ ఊపిరి లేనట్టు సాగుతాయి.

సమస్య: రైలు గుట్ట ఎక్కలేక వెనక్కి జారుతోంది

గుట్ట ఎత్తు ఎక్కువైంది, లేదా రైలు మారింది. ఖాళీ రైలు కంటే మనుషులతో నిండిన బరువైన రైలు తక్కువ వేగాన్ని కోల్పోతుంది. కాబట్టి ఖాళీ పరీక్షలో అంచు మీద దాటిన గుట్టను సాధారణంగా నిండు రైలు కూడా దాటుతుంది. అయినా పంచే డిజైనును అంచు మీద వదలకండి. పెట్టెల సంఖ్యను ఒకటి రెండు తగ్గించి పరీక్షించినా గుట్ట దాటేలా ఉంటే నిశ్చింతగా పంపవచ్చు. ఈ పరీక్షలన్నీ ఒక్క రైలుతోనే చేయండి. జారిన రైలు వెనక వచ్చేదాన్ని ఢీకొంటే కట్టినదంతా పాడవుతుంది.

సమస్య: రెండేళ్లు బాగా నడిచి, ఒక రోజు స్టేషనులో ఢీకొంది

దీన్ని చూసి ఆటలో లోపం అనుకుంటారు. కాదు, బ్రేకులు విఫలమయ్యాయి. కోస్టర్‌కు 16 నెలలు నిండనంత కాలం, లేదా విశ్వసనీయత 50 శాతం పైన ఉన్నంత కాలం ఈ ప్రమాదం రాదు. ఆటలో ఏడాదికి మార్చి నుంచి అక్టోబరు దాకా 8 నెలలే కాబట్టి, 16 నెలలంటే సరిగ్గా రెండు పార్కు సంవత్సరాలు. ఆ తర్వాత బ్రేకులు పోయిన రైలు స్టేషనులోకి ఆగకుండా దూసుకొచ్చి అక్కడున్న దాన్ని గుద్దుతుంది.

తక్షణ ఉపాయం తనిఖీ వ్యవధిని 10 నిమిషాలకు తగ్గించి, ఆ కోస్టర్‌కే ఒక మెకానిక్‌ను కేటాయించడం. శాశ్వత పరిష్కారం బ్లాక్ బ్రేకులు, అంటే ట్రాక్‌ను బ్లాకులనే భాగాలుగా విడగొట్టి, ముందు బ్లాకు ఖాళీ అయ్యేదాకా రైలును ఆపి ఉంచే బ్రేకులు. ఆ పద్ధతిలో ఒకటి కంటే ఎక్కువ రైళ్లు నడుస్తుంటే బ్రేకుల వైఫల్యమే సంభవించదు. స్టేషనుతో కలిపి మొత్తం ఎన్ని బ్లాకులుంటే దానికి ఒకటి తక్కువ రైళ్లు నడపవచ్చు. లిఫ్టు పైకొస కూడా ఒక బ్లాకుగా లెక్కకొస్తుంది. స్టేషను దాటగానే బ్లాక్ బ్రేకు వేయడానికి ఆట ఒప్పుకోదు, రెండింటిని పక్కపక్కన వేయనివ్వదు. తెరిచి ఉన్నప్పుడు కూడా అది రైలును బాగా నెమ్మదింపజేస్తుంది. అందుకే దాని వెంటనే ఒక దిగుడు ఉంచాలి. స్టేషను ముందు చివరి చదును మీద ఒకటి, పరుగు మధ్యలో ఎత్తు మీద ఇంకొకటి వేస్తే చాలా డిజైన్లకు సరిపోతుంది.

సమస్య: ఎవరిదో డిజైను మెరుగుపరచబోతే ఇంకా చెడింది

ఒకేసారి నాలుగు మార్చి ఉంటారు. ఏ మార్పు మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియక చిక్కుపడతారు. మూల ఫైలును ముట్టుకోకుండా కొత్త పేరుతో భద్రపరచండి. ఒక్క ముక్క మార్చి, పరీక్షించి, మూడు మార్కులూ, పక్క జీ గరిష్ఠం రాసుకుని అప్పుడు రెండో ముక్క జోలికి వెళ్లండి. పరీక్ష ఎప్పుడూ చెట్లూ నీరూ లేని చదును ఖాళీ పార్కులోనే చేయండి, అలాగైతే పరిసరాలు లెక్కను తారుమారు చేయవు.

డిజైను చేసినవారికి తిరిగి రాసేటప్పుడు "బాగా లేదు" అని వదిలేయకండి. "మూడో మలుపులో పక్క జీ 3.24 వస్తోంది, దాన్ని ఎత్తితే 2.60 దగ్గరకు దిగింది, మార్చిన ఫైలు జతచేశాను" అని రాయండి. చేసినవారి పేరు ఫైలు పేరులోనే ఉంచి, పక్కన మీ మార్పు సంఖ్య చేర్చండి.