తాడిపత్రి బండల లోడ్లు: బ్యాలెన్స్ కిరాయి ఇరుక్కోకుండా

మా లారీ బ్రోకర్ ఆఫీసులో గొడవలన్నీ బ్యాలెన్స్ కిరాయి (అడ్వాన్సు పోను సరుకు దిగాక రావాల్సిన మిగతా కిరాయి) దగ్గరే. బండలు పగిలాయని పార్టీ (కిరాయి ఇవ్వాల్సిన కస్టమర్) డబ్బు ఆపేస్తుంది, ఎక్కించినప్పుడే పగిలాయని డ్రైవరంటాడు. అందుకే ఇప్పుడు తాడు బిగించకముందే నాలుగు వైపులా ఫోటోలు తీయించి, పగుళ్లుంటే లోడింగ్ స్లిప్పులోనే రాయించి డ్రైవర్ సంతకం తీసుకుంటున్నాం. హాల్టింగ్ (బండి ఆగి ఉన్నందుకిచ్చే డబ్బు) రోజుకెంత, ఏ గంట నుంచి లెక్క అన్నదీ అందులోనే. నోటిమాట నిలవదు.

కాటా చీటీ (బండి తూకం రసీదు) లేనిదే బండి కదలదు. పది టైర్ల లారీకి బండి బరువుతో కలిపి పరిమితి 28.5 టన్నులే. దాటితే జరిమానా తగవు మన మెడకే.

ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఆన్‌లైన్ పత్రం) గడువు మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. దారిలో బండి చెడి సరుకు వేరే బండికి మారిస్తే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. గడువు పెంచుకోవడం, అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపే.

సరుకు ముట్టినట్టు సంతకం పడిన రసీదు ఫోటో వాట్సాప్‌లో రాగానే బ్యాలెన్స్ అడుగుతాం. ఒరిజినల్ వెనకే కొరియర్లో పోతుంది.