పాత గ్రాంట్లు చూసి దాతలను వెతకడం ఎలా?

స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు, అంటే డబ్బు సాయం, ఇచ్చే ఏ ఫౌండేషన్ వెబ్‌సైట్ తెరిచినా విద్య, ఆరోగ్యం, పర్యావరణం అనే ఉంటుంది. దాన్ని నమ్ముకుని దరఖాస్తు పెడితే నెలలు వృథా. గత రెండు మూడేళ్లలో ఎవరికి, ఎంత ఇచ్చారో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

1. మీలాంటి పనే చేసే సంస్థల పేర్లు ఓ పది రాసుకోండి. వాటి వార్షిక నివేదికల్లో దాతలకు కృతజ్ఞతలు చెప్పే పేజీ ఒకటి ఉంటుంది. అక్కడున్న పేర్లతోనే వేట మొదలుపెట్టండి.

2. ఇప్పుడు ఆ దాతల లెక్కలు తీయండి. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా పన్ను శాఖకు ఫారం 990-పీఎఫ్ అనే లెక్కల పత్రం దాఖలు చేయాలి. గ్రాంటు ఎవరికి, ఎందుకు, ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వాళ్ల నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్‌లో వీటిని ఉచితంగా చూడొచ్చు. బ్రిటన్ దాతల కోసమైతే గ్రాంట్ల వివరాలు వెతికే గ్రాంట్‌నావ్ వెబ్‌సైట్ ఉంది. దొరికే లెక్కలు సాధారణంగా ఏడాదో, ఇంకాస్తో పాతవి. ఫర్వాలేదు.

3. జాబితాను తీరిగ్గా చదవండి, కిటుకంతా ఇక్కడే ఉంది. ఏటా అవే పేర్లు కనిపిస్తే కొత్తవాళ్లకు చోటు తక్కువని అర్థం. ఏటా నాలుగైదు కొత్త పేర్లు చేరుతుంటే ప్రయత్నించొచ్చు. సగటును మాత్రం నమ్మకండి. తొమ్మిది గ్రాంట్లు రెండేసి లక్షలు, పదోది కోటి అనుకోండి. సగటు పన్నెండు లక్షల దాకా వస్తుంది, మీరు అడగాల్సింది మాత్రం రెండు లక్షలే. డబ్బంతా ఒకే ఊరి చుట్టూ తిరుగుతోందా, జీతాలకూ అద్దెలకూ ఇస్తున్నారా, ప్రాజెక్టులకేనా అన్నది కూడా గమనించండి.

990-పీఎఫ్‌లో ఒక చిన్న గడి ఉంటుంది. ముందే ఎంచుకున్న సంస్థలకే ఇస్తాం, అడగని దరఖాస్తులు తీసుకోం అని దాని అర్థం. అక్కడ టిక్ ఉంటే ఆ పేరు పక్కన పెట్టేయండి. ట్రస్టీల్లో తెలిసినవాళ్లుంటే అది వేరే సంగతి.

4. చివరికి ఐదారు పేర్లు మిగిలితే చాలు. యాభై మందికి ఒకే ఉత్తరం పంపడం కన్నా అదే నయం. విదేశీ డబ్బయితే, తీసుకోవడానికి మీ దేశ చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

5. ఉత్తరం రాసే ముందు, ఆ దాత దగ్గర గ్రాంటు తీసుకున్న సంస్థకు ఒక ఫోన్ చేయండి. పరిచయం ఎలా అయింది, డబ్బు చేతికి రావడానికి ఎన్ని నెలలు పట్టింది, ఎన్ని రిపోర్టులు అడిగారు అని అడగండి. నివేదికల్లో రాయని విషయాలు ఫోన్లో చెప్తారు.