చిత్త కార్తెకు ముందు: కుక్కల అరుపులు ఆపే పెట్టె ఇంట్లో చేసుకునేవాళ్లకు జాగ్రత్తలు

చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో మొదలై రెండు వారాలు ఉంటుంది. వానాకాలం చివర వీధికుక్కలు ఎదకొచ్చే కాలం అది, అందుకే చిత్త కార్తె కుక్కలనే మాట పుట్టింది. ఒక ఆడకుక్క వెనక ఐదారు మగకుక్కలు, రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా సందు సందంతా కొట్లాట, అరుపులు. పసిపిల్లలున్న ఇళ్లకు, నైట్ డ్యూటీ చేసి పడుకునేవాళ్లకు, పరీక్షలకు చదివే పిల్లలకు ఇది నిజంగా నరకమే. అనంతపురంలో ఈమధ్య కుర్రాళ్లు వీడియోలు చూసి, 555 ఐసీ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే చిన్న టైమర్ చిప్), పీజో ట్వీటర్ (సన్నని కీచు సౌండ్లు ఇచ్చే స్పీకర్) కొనుక్కొచ్చి, కుక్కకు మాత్రమే వినపడే సౌండ్ ఇచ్చే పెట్టె తయారుచేద్దామని కూర్చుంటున్నారు. మంచిదే, రాయి విసరడం కంటే, కర్ర తీసుకోవడం కంటే వెయ్యి రెట్లు నయం. కానీ ఆ వీడియోల్లో సర్క్యూట్ చూపించినంత శ్రద్ధగా జాగ్రత్తలు చూపించడం లేదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు అది పనిచేసే తీరు. మనిషి చెవికి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ (సెకనుకు 20 వేల కంపనాలు) దాకా వినపడుతుంది, నలభై దాటినవాళ్లలో చాలామందికి 15 కూడా కష్టమే. కుక్కకు దాదాపు 45 దాకా వినపడుతుంది. ఈ తేడాలో, అంటే 22 నుంచి 25 మధ్యలో గట్టిగా సౌండ్ ఇస్తే మనకేమీ తెలియదు, కుక్కకు మాత్రం చిరాకేసి ఒక క్షణం ఆగుతుంది. అంతే, ఇందులో మాయేమీ లేదు. అన్ని కుక్కలూ ఆగవు. ముసలి కుక్కలకు చెవులు సరిగా పనిచేయవు, కొన్ని కుక్కలు రెండు మూడు రోజుల్లో అలవాటు పడిపోతాయి, ఎదలో ఉన్న మగకుక్కల గుంపైతే అసలు లెక్కే చేయకపోవచ్చు. ఇంతవరకు ఒప్పుకున్నాకే పనిలోకి దిగండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కుక్కతో కాదు, కరెంటుతో. ఈ సర్క్యూట్‌కు కావలసింది 9 లేదా 12 వోల్టులు మాత్రమే. కానీ అడాప్టర్ ఎందుకు దండగ అని కొందరు 225 నంబరు కెపాసిటర్ (కరెంటును నిలవ చేసుకునే చిన్న భాగం) ఒకటి పెట్టి 230 వోల్టుల నుంచి నేరుగా తగ్గిస్తున్నారు. చౌకరకం ఎల్ఈడీ బల్బుల్లో, దోమల బ్యాట్ చార్జింగ్‌లో ఉండే పద్ధతే అది. అక్కడ అంతా ప్లాస్టిక్ లోపల మూసి ఉంటుంది, ఎవరి చెయ్యీ తగలదు. మీ పెట్టెలో అలా కాదు. మీటర్ పెడితే ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య 12 వోల్టులే చూపిస్తుంది, అది చూసి ధైర్యపడతారు, కానీ ఆ మైనస్ వైరే నేరుగా ఇంటి లైన్‌కు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిప్పి పెడితే చాలు, స్పీకర్ స్క్రూ మీద చెయ్యి వేసినవాడికి, తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి ఉంటే, ప్రాణం పోవచ్చు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇలాంటి సర్క్యూట్ ఎంత బాగుందనిపించినా వద్దు. బీఐఎస్ మార్కు ఉన్న 12 వోల్టుల 1 యాంపియర్ అడాప్టర్ కొనండి, లేదా 9 వోల్టుల బ్యాటరీతో సరిపెట్టండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి అందులోని లిథియం సెల్స్ వాడేవాళ్లున్నారు. ప్రొటెక్షన్ బోర్డు (చార్జింగ్ ఎక్కువైతే ఆపేది) లేకుండా వాటిని చార్జింగ్ పెట్టి పడుకుంటే ఇల్లు అంటుకుంటుంది. దోమల బ్యాట్ విప్పి పార్టులు పీకేవాళ్లూ, ప్లగ్గు తీసేశాక కూడా దాని కెపాసిటర్‌లో షాక్ మిగిలే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి ఇక్కడే చెప్పాలి. పల్లెల్లో అడవిపందుల కోసం చేను చుట్టూ వైరు కట్టి కరెంటు వదులుతారు కదా, వేరుశనగ చేలల్లో అలా ఎంతమంది రైతులు, పక్క చేని వాళ్లు పోయారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ ఆలోచనను దయచేసి ఇంటి గేటు దాకా తేవద్దు. కుక్క గోడ ఎక్కకుండా అని గ్రిల్‌కు కరెంటు పెడితే మొదట దాన్ని ముట్టుకునేది పొద్దున్నే వచ్చే పాలవాడో, బంతి కోసం గోడ దూకే పిల్లోడో.

సర్క్యూట్ సంగతి. 555ను ఆస్టేబుల్‌గా, అంటే ఆగకుండా మోగేలా కట్టాలి. ఫ్రీక్వెన్సీ ఎంతో తెలియాలంటే 1.44ను (R1 + 2R2) × C తో భాగించాలి; R1, R2 రెండు రెసిస్టర్లు, C కెపాసిటర్. R1 10 కిలో ఓమ్, R2 27 కిలో ఓమ్, కెపాసిటర్ 1 నానోఫారడ్, అంటే షాపులో 102 అని అడిగేది, పెడితే 22.5 కిలోహెర్ట్జ్ వస్తుంది. R2 చోట 22 కిలో ఓమ్‌తో పాటు 10 కిలో ప్రీసెట్ (స్క్రూతో తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) వరసగా పెడితే సుమారు 19.5 నుంచి 26.5 దాకా మార్చుకోవచ్చు. ట్వీటర్‌కు వరసలో ఒక 100 ఓమ్ రెసిస్టర్ వేయండి, ఐసీ బతుకుతుంది. పీజో ట్వీటర్ అంటే పీజో ట్వీటరే, మామూలు స్పీకర్ ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర నోరు తెరవదు. చిన్న నల్ల బజర్ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గరే గట్టిగా మోగుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. రోబో కిట్లలో దూరం కొలిచే సెన్సర్ ఉంటుంది చూడండి, అదీ వద్దు, అది 40 కిలోహెర్ట్జ్‌ది, కుక్కకే సరిగా వినపడని అంచు అది.

కెపాసిటర్ విషయంలో పిసినారితనం చేయొద్దు. చౌకరకం సెరామిక్ డిస్క్ వేడికి విలువ మారిపోతుంది. మన ఊళ్లో మిద్దె మీద మూసిన పెట్టె లోపల మధ్యాహ్నం వేడి ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు, రాత్రికి మళ్లీ చల్లబడుతుంది. రాత్రి మీరు 22 దగ్గర సెట్ చేసింది మధ్యాహ్నానికి 22 దగ్గరే ఉంటుందన్న నమ్మకం లేదు. పాలిస్టర్ ఫిల్మ్ రకం అడిగి తీసుకోండి, తేడా కొన్ని రూపాయలే.

పరీక్షించేటప్పుడు చాలామంది చేసే పని, ఏమీ వినపడటం లేదే అని ట్వీటర్‌ను చెవి దగ్గర పెట్టుకోవడం. మనకు తెలియకపోయినా ఆ సౌండ్ ప్రెషర్ చెవి మీద పడుతూనే ఉంటుంది. తలనొప్పి, చెవుల్లో గుయ్‌మనడం, వాంతి వచ్చినట్టుండడం ఇలా వచ్చేవే. దానికి తేలికైన దారి ఉంది. 102 తీసి తాత్కాలికంగా 103 కెపాసిటర్ పెట్టండి, ఫ్రీక్వెన్సీ పదోవంతుకు, అంటే 2.2 కిలోహెర్ట్జ్‌కు దిగి కీచుమని వినపడుతుంది. ట్వీటర్ మీద గుడ్డ కప్పి ఒక్క సెకను చూసుకుని, పనిచేస్తోందని తేలాక మళ్లీ 102 పెట్టేయండి. ఆ తర్వాత ఫోన్లో స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సౌండుందో గీతలుగా చూపించే యాప్ ఏదైనా పెట్టుకుని, దూరంగా నిలబడి 20 కిలోహెర్ట్జ్ కింద గీత ఏదైనా లేస్తోందేమో చూడండి. చివరగా ఇంట్లో పిల్లల్ని పదిహేను అడుగుల అవతల నిలబెట్టి ఒక్క సెకను నొక్కి అడగండి. మనకు వినపడనిది వాళ్లకు వినపడుతుంది. వాళ్లలో ఒక్కరు ముఖం చిట్లించినా, చెవులు మూసుకున్నా ఫ్రీక్వెన్సీ పెరిగేలా ప్రీసెట్ తిప్పాల్సిందే. పక్కింట్లో పసిబిడ్డ ఊరికే ఏడుస్తోందని ఎవరైనా అంటే, పెట్టె ఆపి చూడకుండా వాదనకు దిగొద్దు.

ఇక వాడే తీరు. కుక్క అరిచిన క్షణానే రెండు మూడు సెకన్లు మోగాలి, ఆగిపోవాలి. అరుపుకూ ఆ చిరాకుకూ లింకు ఉందని కుక్కకు తెలిసేది అలాగే. రాత్రంతా ఆన్ చేసి పెడితే దానికి ఏం అర్థం కాదు, పైగా అది హింస. నా సలహా మైకు పెట్టి ఆటోమేటిక్ చేయొద్దని, మామూలు పుష్ బటన్ చాలని. కాదు ఆటోమేటిక్కే కావాలంటే రెండో 555ను మోనోస్టేబుల్‌గా, అంటే ఒక్కసారి మోగి దానంతటదే ఆగేలా కట్టి, 470 కిలో ఓమ్, 4.7 మైక్రోఫారడ్ పెడితే సుమారు రెండున్నర సెకన్లు వస్తుంది. కానీ మైకుకు కుక్క అరుపూ ఒకటే, కుక్కర్ విజిలూ ఒకటే, లారీ హారనూ ఒకటే. దీపావళి కూడా చిత్త కార్తె చుట్టుపక్కలే వస్తుంది, ఆ రోజుల్లో టపాకాయలకు కుక్కలు ఇప్పటికే వణికిపోతూ ఎక్కడ దాక్కోవాలో తెలియక తిరుగుతుంటాయి. ప్రతి బాంబుకూ మీ పెట్టె కూడా మోగితే వాటికి దిక్కే ఉండదు. పండగ మూడు రోజులు ప్లగ్గు పీకేయండి.

కట్టేసి ఉన్న కుక్క మీద ఎప్పుడూ వాడొద్దు. వీధికుక్కైతే చిరాకేస్తే లేచి పోతుంది, గొలుసుతో కట్టిన కుక్క ఎక్కడికి పోతుంది? పక్కింటివాళ్ల కుక్క రాత్రంతా అరుస్తుంటే ముందు వాళ్లతో మాట్లాడండి. 'అన్నా, రాత్రిళ్లు లోపల కట్టేయండి, మా అమ్మకు నిద్ర పట్టడం లేదు' అంటే చాలామంది వింటారు. చిత్త కార్తె పోయిన రెండు నెలలకు, అంటే డిసెంబరు జనవరిలో, మెట్ల కింద, కాలువ గట్టున పిల్లలు పెట్టిన తల్లి కుక్కలుంటాయి. వాటి వైపు తిప్పారంటే తల్లి పిల్లల్ని వదల్లేక మనిషి మీదికే దూకుతుంది.

గొర్రెల సంగతి ఎవరూ ఆలోచించరు. గొర్రెకు 40 కిలోహెర్ట్జ్ దాకా, ఆవుకు 35 దాకా వినపడుతుంది. గొర్రెల మందలు ఊరి పక్క రోడ్ల మీదే పోయే జిల్లా మనది, మంద పోతుంటే కాపలా కుక్కలు అరవడం మామూలే. అప్పుడు మీరు బటన్ నొక్కితే కుక్క కాదు, మంద బెదిరి బస్సు కిందికి పోతుంది. ఇంట్లో పిల్లి ఉన్నా ఆలోచించుకోండి, దాని చెవి కుక్కకంటే పదును.

బిగించే చోటు గురించి క్లుప్తంగా. ఈ సౌండ్ గోడ దాటదు, తలుపు దాటదు, ట్వీటర్ ఎటు చూస్తే అటే పోతుంది. కాబట్టి వీధి వైపు, సన్‌షేడ్ కింద, మూతి కొంచెం కిందికి వంచి పెట్టండి, ఎదురింటి కిటికీకి ఎదురుగా కాదు. అనంతపురంలో ఏడాదంతా పడే వానే తక్కువ, అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది, అంటే సరిగ్గా మీ పెట్టె బయట ఉండే రోజుల్లోనే. అడాప్టర్ ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి, బయటికి 12 వోల్టుల వైరు మాత్రమే పోవాలి. ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీసేయండి. బండి మీద పోతూ జేబులోంచి తీసి నొక్కుదామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి. కుక్క వెంటపడితే స్పీడు పెంచకుండా బండి నిదానం చేసుకుని పోవడమే దారి.

పెట్టె పెట్టినా కుక్కలు తగ్గలేదంటే సందు చివర ఏముందో చూడండి. చికెన్ షాపు వ్యర్థాలో, పెళ్లి మండపం ఎంగిలాకులో పడి ఉంటే ఏ సౌండూ వాటిని కదిలించలేదు. కుక్కల చెవి కొస కత్తిరించి ఉందా లేదా గమనించండి, ఉంటే ఆపరేషన్ అయినట్టు. ఒక్కదానికీ లేకపోతే మీ వీధి పేరు రాసి, నలుగురు సంతకాలు పెట్టి కార్పొరేషన్‌లో అర్జీ ఇవ్వండి. 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) రూల్స్ ప్రకారం పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి మళ్లీ అదే వీధిలో వదలాలి. విషం పెడితే మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు.

చొంగ కారుస్తూ, తూలుతూ, గొంతు మారిపోయి, కనపడిన కర్రనూ బండి టైరునూ కొరికే కుక్క కనపడితే పెట్టె జోలికే పోవద్దు, అది పారిపోదు. పిల్లల్ని లోపలికి లాగి తలుపేసుకుని కార్పొరేషన్‌కు ఫోన్ చేయండి. ఏ కుక్క కరిచినా, గీరినా, చర్మం కొద్దిగా లేచినా, కొళాయి కింద ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి ఏవీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి పోండి, అక్కడ రేబిస్ (పిచ్చికుక్క జబ్బు) టీకా ఉచితం. రక్తం వచ్చిందంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే పనిచేసే రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా వేయించుకోవాలి, ఆ సంగతి డాక్టర్‌ను మీరే అడగండి. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు తర్వాత 3, 7, 28 రోజులకు మళ్లీ వేస్తారు. గాయం మానిపోయిందని ఇరవై ఎనిమిదో రోజుది చాలామంది ఎగ్గొడతారు, చీటీ మీద ఆ తేదీ రాయించుకుని ఫోన్లో అలారం పెట్టుకోండి.