ఏ ఆట ఎంత కష్టమో తేల్చుకోవడం ఎలా?

క్రికెట్ కష్టమా కబడ్డీ కష్టమా అని మన వైజాగ్ బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటూ ఎంత వాదించుకున్నా తేలదు. ముందు ఫిట్‌నెస్‌నీ నైపుణ్యాన్నీ విడదీయండి.

ఫిట్‌నెస్ సంగతికొస్తే, ఎంతసేపు ఆడారన్నది కాదు, మధ్యలో ఊపిరి తీసుకోడానికి ఎంత టైం దొరికిందో చూడండి. అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడు నిమిషాల రౌండ్లు మూడే, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. వినడానికి తక్కువే గానీ, స్టాప్‌వాచ్ పెట్టుకుని పంచింగ్ బ్యాగ్ మీద ఆపకుండా గుద్ది చూడండి, కొత్తవాళ్లకి రెండో రౌండు సగంలోనే భుజాలు బరువెక్కి, గడ్డం దగ్గరుండాల్సిన చేతులు ఛాతీ దాకా జారిపోతాయి. కబడ్డీ రెయిడ్ 30 సెకన్లే, అదీ కూత ఆపకుండా. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య తీరిక ఉంటుంది, కాకపోతే ఫాస్ట్ బౌలర్‌ని ఆ లెక్కలో కలపకండి, మే నెలలో పీఎం పాలెం స్టేడియంలో పది ఓవర్లు వేసేవాడి కథే వేరు.

నైపుణ్యానికి రెండు ప్రశ్నలు: మొదలెట్టడం ఎంత కష్టం, బాగా ఆడటం ఎంత కష్టం? రుషికొండలో సర్ఫింగ్‌కి వెళ్తే బోర్డు మీద నిలబడటమే పెద్ద పని. షటిల్ మొదటిరోజే ఎవరైనా ఆడేస్తారు, కానీ బ్యాక్‌హ్యాండ్ మూల (కుడిచేతి వాటమైతే ఎడమవైపు వెనక మూల) నుంచి అవతలి వెనక లైను దాకా కొట్టమనండి, అప్పుడు తెలుస్తుంది.

వీధి క్రికెట్‌ని ఒలింపిక్ బాక్సింగ్‌తో మాత్రం పోల్చకండి, స్థాయి ఒకటే ఉండాలి. మీరే ఆడి చూస్తుంటే ఆపగానే ఒకసారి, నిమిషం తర్వాత మరోసారి నాడి లెక్కపెట్టుకోండి, ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో తెలుస్తుంది. రెండు ఆటలూ పొద్దున్నే ఆడండి. మధ్యాహ్నం మన సముద్రపు ఉక్కలో చెమట ఆరదు, క్యారమ్స్ ఆడినా ఆయాసమొస్తుంది.