సైట్ తెరుచుకోవట్లేదా? హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేసేముందు డొమైన్ చూడండి

తిరుపతిలో చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు, మెయిళ్లు చూసిపెట్టే పని నాది. లాడ్జీలు, ట్రావెల్స్, శ్రీకాళహస్తి కలంకారీ అమ్మేవాళ్లు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు యూనిట్లవాళ్లు ఫోన్ చేస్తుంటారు. చాలా ఫోన్లు ఒకే మాటతో మొదలవుతాయి: "సార్, సైట్ పోయింది." అప్పటికే వాళ్లు హోస్టింగ్ కంపెనీతో గంటలు మాట్లాడి ఉంటారు. రూటర్ ఆపి మళ్లీ వేసి ఉంటారు. కొందరైతే కంగారులో కొత్త హోస్టింగ్ కూడా కొనేసి ఉంటారు. డొమైన్ గడువు ఎప్పటివరకు ఉందో మాత్రం చూసి ఉండరు. రెండు నిమిషాల పని. దయచేసి ముందు అది చేయండి.

డొమైన్ (సైట్ పేరు) వేరు, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే సర్వర్) వేరు అన్నంత వరకు తెలిసినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

సమస్య: సైట్ రావట్లేదు, మెయిళ్లు కూడా ఆగిపోయాయి

సైట్ మాత్రమే పోయి మెయిళ్లు మామూలుగా వస్తుంటే హోస్టింగ్ వైపు వెతకండి. రెండూ ఒకేసారి ఆగితే ముందు డొమైన్‌ని అనుమానించాలి. మెయిల్ కూడా అదే హోస్టింగ్‌లో ఉంటే హోస్టింగ్ ఆగినా రెండూ ఆగుతాయి. కాబట్టి ఊహించకుండా రికార్డు తెరిచి చూడండి. డాట్ కామ్ లాంటివాటికి, డొమైన్ పేర్ల నియమాలు చూసే ఐకాన్ సంస్థ లుకప్ పేజీ ఉంది. డాట్ ఇన్ పేర్లు మన నిక్సీ సంస్థ చేతిలో ఉంటాయి, వాటికి ఇన్ రిజిస్ట్రీ వాళ్ల హూయిజ్ (డొమైన్ వివరాలు చూపే) పేజీ ఉంది. మీ పేరు కొట్టి మూడు విషయాలు చదవండి: గడువు తేదీ, స్టేటస్, నేమ్ సర్వర్లు (పేరు కొడితే ఎటు వెళ్లాలో చెప్పేవి).

స్టేటస్‌లో క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ అని కనిపిస్తే భయపడకండి. అది దొంగతనం జరగకుండా వేసిన తాళం, ఉండాల్సిందే. క్లయింట్ హోల్డ్ అని ఉంటే రిజిస్ట్రారే (మీకు డొమైన్ అమ్మిన కంపెనీ) పేరును ఆపేశాడని అర్థం. రిడెంప్షన్ పీరియడ్ అని ఉంటే గడువు దాటి పేరు రద్దు దశకి వెళ్లింది, ఇంకా విడిపించుకోవచ్చు గానీ మామూలు రెన్యూవల్ కంటే చాలా ఎక్కువ కట్టాలి. పెండింగ్ డిలీట్ అని ఉంటే ఇక చేసేదేమీ లేదు, పేరు బజారులోకి వచ్చేవరకు కాచుకోవాలి.

గడువు తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. డాట్ కామ్ గడువు ముగిసిన రోజున రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్లన్నిటి అసలు జాబితా ఉంచే సంస్థ) తన లెక్కలో తేదీని ఏడాది ముందుకి జరిపేస్తుంది. మీరు డబ్బు కట్టకపోయినా సరే. అందుకే రికార్డులో వచ్చే ఏడాది తేదీ కనిపిస్తుంది, "గడువు ఉంది కదా సార్" అంటారు. రిజిస్ట్రార్ చూపే తేదీ, రిజిస్ట్రీ చూపే తేదీ వేరువేరు. రిజిస్ట్రార్ అకౌంట్లోకి లాగిన్ అయి అక్కడున్న తేదీనే నమ్మండి. నేమ్ సర్వర్లు మీవి కాకుండా తెలియని పార్కింగ్ పేర్లు (రిజిస్ట్రార్ పెట్టే తాత్కాలిక పేజీకి మళ్లించేవి) కనిపించినా చాలాసార్లు గడువు దాటినట్టే.

పరిష్కారం సులువే, రెన్యూ చేయడం. డాట్ కామ్‌కి గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలు ధరకి అవకాశం ఉండొచ్చు. తర్వాత 30 రోజులు రిడెంప్షన్, ఆపైన 5 రోజులకి పేరు పోతుంది. 45 రోజులూ ఇచ్చి తీరాలన్న నియమం లేదు, కాబట్టి రేపటికి వాయిదా వేయకండి. డాట్ ఇన్‌కి కూడా ఇలాంటి దశలే ఉంటాయి.

సమస్య: రెన్యూ చేద్దామంటే లాగిన్ కావట్లేదు, ఓటీపీ రావట్లేదు, గుర్తుచేసే మెయిల్ ఎప్పుడూ రాలేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. అన్నీ సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి ముందుగా ఎవరికీ అనుమానం రాదు.

అసలు కారణం ఏమిటంటే, రిజిస్ట్రార్ దగ్గర ఇచ్చిన మెయిల్ ఐడీ అదే డొమైన్ మీద నడిచే మెయిల్ కావడం. దుకాణం పేరుతో డొమైన్ కొంటారు. ఆ పేరుతోనే ఇన్ఫో అనో అడ్మిన్ అనో మెయిల్ పెట్టుకుంటారు. చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని రిజిస్ట్రార్ అకౌంట్లో కూడా ఆ మెయిలే మార్చేస్తారు. డొమైన్ బతికి ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. అది ఆగిన రోజున దాని మెయిల్ కూడా ఆగుతుంది. రిజిస్ట్రార్ పంపే నోటీసు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు, ఓటీపీ అన్నీ ఆ ఆగిపోయిన మెయిల్‌కే వెళ్తాయి. తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు.

"గడువుకి ముందే గుర్తుచేయాలి కదా" అని అడుగుతారు. చేస్తారు. ఐకాన్ నియమాల ప్రకారం గడువుకి సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, దాటాక 5 రోజుల్లోపు మరొకటి పంపాలి. మొదటి రెండూ ఆ ఇన్ఫో మెయిల్‌కి వస్తాయి. ఆ మెయిల్ రిసెప్షన్‌లో కూర్చునే అబ్బాయి చూస్తాడు, గదుల బుకింగ్ కాదు కాబట్టి వదిలేస్తాడు. లేదా స్పామ్‌లో పడుతుంది. మూడోది వచ్చేసరికి మెయిలే లేదు.

ఆటో రెన్యూవల్ పెట్టుకున్నాం అని ధీమాగా ఉండేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారు. కార్డు గడువు ముగిసి బ్యాంకు కొత్తది పంపుతుంది, రిజిస్ట్రార్ దగ్గర పాత నంబరే ఉంటుంది. పైగా 2021 అక్టోబరు నుంచి సేవ్ చేసిన కార్డు మీద ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవాలంటే ఆర్‌బీఐ ఈ-మ్యాండేట్ (ముందుగా తీసుకునే చెల్లింపు అనుమతి) నిబంధనలు పాటించాలి. విదేశీ రిజిస్ట్రార్ దగ్గర కొన్నవాళ్లకి ఈ చెల్లింపు చప్పుడు లేకుండా ఫెయిలవుతూ ఉంటుంది. ఫెయిలైందన్న కబురు కూడా ఆ మెయిల్‌కే పోతుంది.

ఒక ట్రావెల్స్ ఓనరుకి బ్రహ్మోత్సవాల ముందు ఇదే జరిగింది. బుకింగులు ఉధృతంగా వచ్చే సమయం. సైట్ ఆగింది. ఆయన ఏటా డబ్బు కట్టేవారే, ఎక్కడా అజాగ్రత్త లేదు. కార్డు మారింది, మెయిల్ అదే డొమైన్ మీద ఉంది, అకౌంట్లో ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మానేసిన మేనేజరుది. డబ్బు చేతిలో పట్టుకుని కూడా కట్టలేని పరిస్థితి. ఆ టెన్షన్ చూశాక నేను ఏ కొత్త క్లయింటు దగ్గరికి వెళ్లినా మొదటి ప్రశ్న ఇదే అడుగుతున్నాను: "రిజిస్ట్రార్ దగ్గర మీ మెయిల్ ఐడీ ఏది?"

డొమైన్ ఇంకా నడుస్తుంటే ఈరోజే మార్చేయండి. యజమాని సొంత జీమెయిల్ లాంటిది, డొమైన్‌తో సంబంధం లేనిది ఇవ్వండి. యజమాని ఫోన్ నంబరు ఇవ్వండి. అకౌంట్ మెయిల్ వేరు, రిజిస్ట్రెంట్ (డొమైన్ ఎవరి పేరున ఉందో వాళ్లు) కాంటాక్ట్ మెయిల్ వేరు, రెండూ తెరిచి చూడాలి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు.

మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. డాట్ కామ్ లాంటివాటికి రిజిస్ట్రెంట్ మెయిల్ మారిస్తే కొత్త మెయిల్‌కి వెరిఫికేషన్ లింకు వస్తుంది. 15 రోజుల్లోపు నొక్కకపోతే రిజిస్ట్రార్ పేరును ఆపేయవచ్చు, పైన చెప్పిన క్లయింట్ హోల్డ్ చాలాసార్లు దీనివల్లే వస్తుంది. ఇంకొకటి, రిజిస్ట్రెంట్ పేరు, సంస్థ లేదా మెయిల్ మారిస్తే 60 రోజులపాటు వేరే రిజిస్ట్రార్‌కి వెళ్లకుండా లాక్ పడవచ్చు. రిజిస్ట్రార్‌ని కూడా మార్చే ఆలోచన ఉంటే ముందు అది పూర్తిచేసి తర్వాత మెయిల్ మార్చండి.

ఇప్పటికే ఆగిపోయిందా? మెయిళ్ల ద్వారా ప్రయత్నించి రోజులు పోగొట్టుకోవద్దు. రిజిస్ట్రార్ సపోర్టుకి నేరుగా ఫోన్ చేసి అకౌంట్ రికవరీ అడగండి. పాత ఇన్వాయిస్, డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్, పాన్, జీఎస్టీ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. రిజిస్ట్రెంట్ పేరు మీ కాగితాల మీద పేరుతో సరిపోతే పని జరుగుతుంది. "శ్రీ వెంకటేశ్వర" అని ఒకచోట, "ఎస్.వి." అని ఒకచోట ఉంటే వాళ్లు ఆపుతారు. కొనేటప్పుడే జీఎస్టీలో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఇవ్వండి.

సమస్య: డొమైన్ సైట్ చేసిన అబ్బాయి అకౌంట్లో ఉంది

పేరు మీది, రికార్డు ఆయనది. గొడవ పెట్టుకోకముందే అడగండి. బాకీ ఏదైనా ఉంటే కట్టేసి, "తమ్ముడూ, డొమైన్‌ని నా అకౌంట్‌కి పంపించు" అనండి. మామూలుగా పంపేస్తారు. ఇద్దరి అకౌంట్లూ ఒకే రిజిస్ట్రార్ దగ్గర ఉంటే సులభం. వేరే రిజిస్ట్రార్ అయితే తాళం తీసి ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) ఇవ్వాలి, కోడ్ ఇచ్చాక మారడానికి సాధారణంగా 5 రోజుల దాకా పడుతుంది. కొత్తగా కొన్న డాట్ కామ్ 60 రోజులపాటు వేరే రిజిస్ట్రార్‌కి కదలదు, దానికి ఆయన్ని తిట్టి లాభం లేదు.

ఆయన ఫోన్ ఎత్తకపోతే కష్టమే. డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ అనే వివాద పరిష్కార పద్ధతి ఉంది గానీ ఆ పేరు మీద మీకు హక్కు ఉందని, అవతలివాడిది దురుద్దేశమని నిరూపించాలి, ఫీజు కట్టాలి. ట్రేడ్‌మార్క్ లేని చిన్న దుకాణం దాని మీద ఆశ పెట్టుకోవడం నాకిష్టం లేదు. సైట్ ఎవరితోనైనా చేయించుకోండి, డొమైన్ మాత్రం మీ కార్డుతో, మీ అకౌంట్లో మీరే కొనండి.

సమస్య: కస్టమర్లు పేరు కొడితే మన సైట్ రావట్లేదు, ఇంకేదో వస్తోంది

ఇది కొనేనాడే జరిగిన తప్పు. మన ఊరి పేరునే ఇంగ్లిష్‌లో కొందరు హెచ్ లేకుండా, కొందరు హెచ్ పెట్టి రాస్తారు. శ్రీకాళహస్తిదీ అదే కథ. చిత్తూరుకి ఓలు ఒకటా రెండా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఊరి పేరు లేకుండా కుదిరితే అదే మంచిది. తప్పనిసరైతే రెండు స్పెల్లింగులూ కొని, ఒకదాన్ని రెండోదానికి మళ్లించండి. హైఫన్లు, అంకెలు వద్దు. కొనకముందు ఆ పేరును ఫోన్‌లో ఇంట్లోవాళ్లకి ఒక్కసారి చెప్పి రాయమనండి. తప్పు రాస్తే కస్టమరూ తప్పే రాస్తాడు.

మీ వ్యాపారంలోనే వేరేవాళ్లు డాట్ కామ్ నడుపుతుంటే అదే పేరుకి డాట్ ఇన్ తీసుకోకండి, మీరు చేసే ప్రచారం వాళ్లకి వెళ్తుంది. డాట్ కామ్ ఖాళీగా పడి ఉండి, మీ కస్టమర్లు ఇక్కడివాళ్లే అయితే డాట్ ఇన్ చక్కగా సరిపోతుంది. తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ కూడా దొరుకుతుంది. రెండో పేరుగా పెట్టుకోండి, మెయిల్‌కి మాత్రం వాడకండి, చాలా ఫారాలు ఆ అక్షరాల మెయిల్‌ని ఒప్పుకోవు.

లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్లకి గట్టిగా చెబుతున్నాను: టీటీడీ, దర్శనం, సేవ అనే మాటలు డొమైన్‌లో పెట్టకండి. టీటీడీ అధికారిక సైట్ డాట్ గవ్ డాట్ ఇన్ మీద ఉంటుంది, అది మీకూ నాకూ అమ్మరు. భక్తులను మోసం చేసే నకిలీ సైట్ల మీద టీటీడీ పోలీసు ఫిర్యాదులు ఇస్తూనే ఉంది. మీరు నిజాయితీగా గదులే అమ్ముతున్నా ఆ పేరుతో అనుమానితుల జాబితాలో చేరతారు.

సమస్య: మొదటి ఏడాది చవక, రెండో ఏడాది బిల్లు చూసి గుండె ఆగింది

కొనే పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్నది మొదటి ఏడాది ధర మాత్రమే. రెన్యూవల్ ధర కింద చిన్నగా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. కార్ట్‌లో వాళ్లే టిక్ పెట్టిన అదనపు సేవలు తీసేయండి. పేరు నచ్చి వ్యాపారం నడుస్తుంటే నాలుగైదేళ్లకి ఒకేసారి కట్టండి, గరిష్ఠంగా 10 ఏళ్ల వరకు తీసుకోవచ్చు.

సమస్య: కొన్న మర్నాటి నుంచి ఫోన్లు, మెయిళ్లు

"మీ డొమైన్ గడువు అయిపోతోంది, వెంటనే కట్టండి", "మీ పేరును ఫలానా దేశంలో ఎవరో రిజిస్టర్ చేస్తున్నారు" అని వస్తాయి. మీ రిజిస్ట్రార్ కానివాళ్లకి పైసా కట్టకండి. లింకు నొక్కకుండా మీరే సైట్ తెరిచి లాగిన్ అయి చూడండి.

మిగతావి

కొత్త డొమైన్ కొని సైట్ రాకపోతే నేమ్ సర్వర్లు పెట్టారో లేదో చూసి ఒకటి రెండు రోజులు ఆగండి. నేమ్ సర్వర్లు మార్చాక కొందరికి మాత్రమే సైట్ తెరుచుకుంటుంటే పాత డీఎన్ఎస్‌సెక్ (డొమైన్ జవాబు నకిలీది కాదని తేల్చే) రికార్డు మిగిలిపోయిందేమో, తీసేయండి. సర్వర్ హోల్డ్ అన్నది రిజిస్ట్రీ స్థాయిలో పడేది, చాలా అరుదు, రిజిస్ట్రార్‌నే అడగాలి. హ్యాకింగ్ అంటారు గానీ చిన్న వ్యాపారాల్లో నేను చూసినవాటిలో చాలావరకు హ్యాకింగ్ కాదు, గడువు దాటిన పేర్లే.